నాలుగో గాటు

మా నాన్నగారి బుల్లెట్టు 1992 నాటిది. ఆయన పోయాక మూడేళ్ళు వసారాలో గోనెపట్టా కప్పుకుని అలాగే నిలబడి ఉంది. అమ్మేద్దామని నేను, ఉండనిమ్మని అమ్మ. కనీసం నడిచే స్థితికైనా తెద్దామని ఈ వేసవిలో స్పానర్లు పట్టుకుని కూర్చున్నాను.

చోకు వేస్తే స్టార్టవుతుంది, తీయగానే ఆగిపోతుంది. ఈ లక్షణానికి పాత మెకానికులెవరైనా మొదట పైలట్ జెట్టునే అనుమానిస్తారు. రేసు ఇవ్వనప్పుడు ఇంజనుకు కావలసిన కాస్త పెట్రోలూ ఆ చిన్న ఇత్తడి ముక్కలోని రంధ్రం గుండానే రావాలి. మైక్‌కార్బ్ వీఎం24 అది. 24 అంటే గాలి వెళ్ళే దారి వ్యాసం, మిల్లీమీటర్లలో. (కార్బ్యురేటరుకు నోరు తిరిగే తెలుగు మాట మీలో ఎవరైనా కట్టగలిగితే సంతోషిస్తాను.) విప్పి చూస్తే అడుగు గిన్నెలో పెట్రోలు ఎండి పాకంలా పేరుకుపోయింది. జెట్టు పూర్తిగా పూడింది. అటువంటప్పుడు తీగ దూర్చాలని చెయ్యి తహతహలాడుతుంది. దూర్చకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా కొలత చెడినట్టే. రాత్రంతా నానబెట్టి, పంక్చరు షాపులో గాలి కొట్టించాను. 20 శాతం ఎథనాలు కలిసిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు ఉబ్బుతుంది కనుక వాషర్లూ మార్చాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. స్లైడులో వేలాడే సూదికి పైన ఐదు గాట్లుంటాయి. క్లిప్పు ఎంత కింది గాటులో ఉంటే సూది అంత పైకి లేచి, సగం రేసులో అంత ఎక్కువ పెట్రోలు వెళుతుంది. మాన్యువలు ప్రకారం మధ్య గాటు. నాన్నగారు పై నుంచి నాలుగోదాంట్లో పెట్టారు. ఆయనవన్నీ ఉజ్జాయింపు లెక్కలే, వంటలో ఉప్పు మొదలు నా చదువు ఖర్చు దాకా. ఆ విషయమై మా ఇద్దరికీ ఎన్నోసార్లు మాట పట్టింపులు వచ్చాయి. ఇదీ అటువంటిదేనని నవ్వుకుని, క్లిప్పును మధ్య గాటుకు మార్చాను.

బండి చక్కగా నిలబడి కొట్టుకుంది. రోడ్డెక్కి సగం రేసు ఇస్తే మాత్రం ఎక్కిళ్ళు. గాలి ఎక్కడైనా దూరుతోందేమోనని ఇంజనుకు అతికే చోట గాస్కెట్టు మార్చాను, ఫ్లోటు ఎత్తు సరిచూశాను. వారం గడిచింది. ప్లగ్గు విప్పితే సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు చాలడం లేదన్నమాట.

కాఫీ ఇవ్వడానికి వచ్చిన అమ్మ సైలెన్సరు వైపు చూసి, "అది దాంతో వచ్చింది కాదురా. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు మార్చారు. మార్చాక ఇలాగే ఎక్కిళ్ళు పెడితే నెలరోజులు దీనితోనే కూర్చున్నారు" అంది.

పొగ సులువుగా బయటికి పోతే గాలి ఎక్కువ లాగుతుంది. దానికి తగినట్టు పెట్రోలూ పెంచాలి. ఆ సంగతి మాన్యువల్లో లేదు.

క్లిప్పు తీసి నాలుగో గాటులో పెట్టాను. పది కిలోమీటర్లు తిరిగి వచ్చి ప్లగ్గు చూస్తే అమ్మ ఇచ్చిన కాఫీ రంగులో ఉంది. గోనెపట్టా మడిచి అటక మీద పెట్టాను.