అవ్వ కడియాలు, పొయ్యిలో బూడిద

పోస్టు కొంచెం పొడవైంది, ఓపిగ్గా చదవండి.

ఎండాకాలం సెలవుల్లో మేం నలుగురం డిగ్రీ వాళ్లం ఊళ్లోనే ఉండి, పదిలో సైన్స్ తప్పిన పిల్లలకు సప్లిమెంటరీ కోసం చెప్పాం. మొత్తం ఐదుగురు. అందులో ఒక చెల్లె ఇంట్లో, ఈసారి కూడా తప్పితే ఇక పత్తి చేనుకే అని ముందే తేల్చేశారు.

ఆ రోజు ఆవర్తన పట్టిక. మొదటి గ్రూపులో లిథియం, సోడియం, పొటాషియం... కిందికి పోయేకొద్దీ చర్యాశీలత పెరుగుతుందని చెప్పాం. మేం చదివిన హాస్టల్లో ల్యాబ్ గదికి ఎప్పుడూ తాళమే. సోడియం ముక్క నీళ్ల మీద ఎట్లా ఉరుకుతుందో మేమూ ఫోన్‌లోనే చూశాం, వాళ్లకూ అదే చూపించాం. అప్పుడు ఆ చెల్లె అడిగింది: "అన్నా, రాగి, వెండి, బంగారం కూడా ఒకటే నిలువు వరుసల ఉన్నయి కదా. బంగారం కింద ఉంది. మరి అదే ఎక్కువ మండాలె కదా?"

మాలో ఒకడు "అది ఎక్సెప్షన్, బట్టీ పట్టెయ్" అన్నాడు. ఆ పిల్ల నోట్సు మూసేసింది. ఆ మాట మాకు కొత్త కాదు, మాకూ అట్లాగే చెప్పారు. అది విని విని మాతో చదివిన ఇద్దరు ఇంటర్లో ఎంపీసీ వదిలేశారు.

రాత్రి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. పొటాషియం, రాగి రెండూ నాలుగో పీరియడ్‌లోనే ఉన్నాయి. రెండింటికీ బయటి 4ఎస్‌లో ఒక్కటే ఎలక్ట్రాన్. కానీ పొటాషియం కేంద్రకంలో 19 ప్రోటాన్లుంటే రాగిలో 29. ఆ ఎక్కువైన పది ఎలక్ట్రాన్లు 3డీలో చేరాయి, అవి బయటి ఎలక్ట్రాన్‌కు సరిగ్గా అడ్డం నిలబడవు. అందుకే కేంద్రకం దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఒక్కదాన్ని లాగడానికి పొటాషియంలో మోల్‌కు 419 కిలోజౌళ్లు చాలు, రాగికి 745 కావాలి. బంగారంలో 4ఎఫ్ ఎలక్ట్రాన్లు కూడా వచ్చాయి, వాటి అడ్డం ఇంకా బలహీనం, దాంతో లెక్క 890కి పోయింది. మొదటి గ్రూపులో అట్లా కాదు. కక్ష్య పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ దూరమవుతుంది, సీజియంలో 376కే వచ్చేస్తుంది.

ఇక్కడ మేమే ఒకచోట ఇరుక్కున్నాం. వెండికి 731, అంటే రాగి కంటే తక్కువ. అయినా రాగే ఎక్కువ చురుకు. ఎలక్ట్రాన్ లాగే ఖర్చు ఒక్కటే చూస్తే సరిపోదు. లోహం నుంచి పరమాణువును విడదీసే ఖర్చు, అయాన్ నీళ్లతో కలిసినప్పుడు తిరిగొచ్చే శక్తి, అన్నీ కలిపి చూడాలి. రాగి అయాన్‌కు నీళ్లలో తిరిగొచ్చేది బాగా ఎక్కువ.

తెల్లారి పొయ్యిలోంచి బూడిద, అవ్వ దగ్గర వెండి కడియాలు తెచ్చి ముందు పెట్టాం. బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. ఇట్లాంటి బూడిద నుంచి తీసే పొటాష్‌ను కరిగించి, కరెంటు పంపి, 1807లో హంఫ్రీ డేవీ పొటాషియం లోహాన్ని తీశాడు. అది విడిగా నేలలో దొరకదు, ఎప్పుడో ఎలక్ట్రాన్ ఇచ్చేసి ఉంటుంది. కడియాలేమో అవ్వ పెళ్లి నాటివి, ఇంకా వెండిగానే ఉన్నాయి. నల్లబడింది గాలిలోని గంధకం వాయువుల వల్ల వచ్చిన సిల్వర్ సల్ఫైడ్ పొర. (క్లాస్ అయ్యేదాకా అవ్వ గుమ్మంలోనే కూర్చుంది, రెండు కడియాలూ చేతికొచ్చాకే లేచింది.)

ఒక తమ్ముడు "సున్నం నీళ్లల్ల ఉడుకుతది కదా, అది రెండో గ్రూపు కాల్షియమేనా?" అన్నాడు. కాదు, అది కాల్షియం ఆక్సైడ్, లోహం కాదు. కాల్షియం లోహమైతే చల్లటి నీళ్లలోనే హైడ్రోజన్ బుడగలు వస్తాయి. దానిపైన ఉన్న మెగ్నీషియానికి వేడినీళ్లో, ఆవిరో కావాలి. బయట రెండు ఎలక్ట్రాన్లు వదలాలి కాబట్టి ఈ గ్రూపు మొదటి గ్రూపంత దూకుడుగా ఉండదు.

చెల్లె పాసైంది. ఎంపీసీ తీసుకుంటానంటోంది, వాళ్ల బాపు ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఆదివారం మళ్లీ పోయి మాట్లాడతాం. ఎవరి దగ్గరైనా ఇంటర్ ఫస్టియర్ తెలుగు మీడియం కెమిస్ట్రీ పాత పుస్తకం ఉంటే చెప్పండి, బస్సులో వేస్తే మేం దింపుకుంటాం.