ఏడు కిలోల సైకిలు

ఖరగ్‌పూరులో ట్రాఫిక్ అంటే రోడ్డు మీది రద్దీ కాదు, ఒక పేట. రైల్వే భాషలో బండ్ల నడకను చూసుకొనే శాఖకు ఆ పేరు. రైల్వేయే పుట్టించిన ఊరిలో పేటలకు అటువంటి పేర్లుండటంలో వింత లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ ఎర్రమట్టి నేల మీద వర్క్‌షాపు కట్టిన నాటినుంచి, వాల్తేరు వరకు సాగిన దాని ఇనుపదారి వెంబడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల జనం పని కోసం ఇక్కడికి చేరుతూ వచ్చారు. వారి మూడో తరానికి, నాలుగో తరానికి బెంగాలీ, హిందీ నాలుక చివరనే ఉంటాయి. అయినా ఇంట్లో తగవు మాత్రం తెలుగులోనే సాగుతుంది.

ఇక్కడ చెప్పబోయే తగవు ఒక సైకిలును గురించినది.

ఖరగ్‌పూరుకు సైకిలు కొత్త కాదు. వర్క్‌షాపు వేళకు గేటు ముందు బారులు తీరినవీ, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో మొదలైన ఐ.ఐ.టి.లో నేటికీ విద్యార్థుల తరగతులకూ హాస్టళ్లకూ మధ్య తిరుగుతున్నవీ సైకిళ్లే. ఒకప్పుడు ఈ రాష్ట్రంలోనే, అసన్సోల్‌లో, సేన్-ర్యాలీ కంపెనీ సైకిళ్లు చేసేది. అటువంటి నల్లని ఉక్కు సైకిలు ఒకటి ట్రాఫిక్ పేటలోని ఒక పెద్దాయన ఇంట్లో ఇప్పటికీ ఉన్నది. అప్రెంటిసుగా చేరిన ఏడాది కొన్నది. బరువు ఇరవై కిలోలకు తక్కువ ఉండదు. దానిమీద ఆయన ఉద్యోగం వెలగబెట్టాడు, గ్యాసు బండలు మోశాడు, పై బారుకు తువ్వాలు చుట్టి మేనల్లుణ్ణి బడికి దింపాడు. వర్క్‌షాపులో ఆయన పని చక్రాలు, ఇరుసులు. ఎన్ని వేల ఇరుసులను పరీక్షించి మంచిదని, చెడ్డదని తేల్చాడో ఆయనకే లెక్క లేదు.

ఆ మేనల్లుడే ఇప్పుడు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. శీతకాలపు సెలవులకు వస్తూ ఒక పెట్టెలో సైకిలు తెచ్చాడు. కార్బను ఫ్రేముతో చేసిన పందెపు సైకిలు; కొత్తది కొనాలంటే నాలుగైదు లక్షలవుతుంది, ఎవరో వాడినదాన్ని అందులో సగానికి లోపు కొన్నాడు. ఫ్రేము ఒక్కటీ తూస్తే కిలో లేదు. చక్రాలు, బ్రేకులు, గొలుసు అన్నీ కలిపి ఏడు కిలోల చిల్లర. అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2000 సంవత్సరం నుంచి పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని నియమం పెట్టింది గనుక, దాదాపు ఆ హద్దును తాకిన యంత్రమన్నమాట. పెద్దాయన రెండు వేళ్లతో పైకెత్తి చూసి, “మిగతాది ఎప్పుడొస్తాదిరా బాబూ?” అని అడిగాడు.

హాస్యం అక్కడితో సరి. వాహనాన్ని తూచవలసిన చోటు త్రాసు కాదు, రోడ్డు అని తెలిసినవాడు. మరునాటి తెల్లవారుజామున మంచు కొద్దిగా విడిచాక, మేదినీపూరు వెళ్లే దారిన కంసావతి వంతెన దాకా పోయి వచ్చాడు. ఆ తరువాత నాలుగు రోజులు వరుసగా ఎక్కాడు. అరవై దాటినవాడు వంపు హ్యాండిలు మీదికి వంగటమే మొదట కష్టమైంది. రెండో రోజుకు మేనల్లుడు సీటు కొద్దిగా దించి, హ్యాండిలు కొద్దిగా ఎత్తి ఇచ్చాడు. ఇక్కడ ఒక మాట. సైకిలు బాగోగులు చెప్పేవారు తరచుగా ఫ్రేమును పొగడుతూ, తెగడుతూ ఉంటారు గాని, శరీరానికి అమరని సైకిలు ఎంత ఖరీదైనదైనా అది ఇరుకు చెప్పు వంటిదే. అమరిక కుదిరిన తరువాతనే తక్కిన విచారణ.

పెద్దాయన మొదట గమనించినది, తొక్కుడుకూ కదలికకూ నడుమ జాప్యం లేకపోవటం. పాత సైకిలు మీద పెడలును గట్టిగా అదిమితే ఫ్రేము కింది భాగం కొంచెం పక్కకు ఒరిగి, ఆలోచించుకొని, ఆ తరువాత ముందుకు కదులుతుంది. దీనిలో ఆ ఆలోచన లేదు. పెడలు ఇరుసు దగ్గర గొట్టాలు లావుగా, బిగువుగా ఉండటం దానికి కారణం. రెండవది, హ్యాండిలు చురుకు. చక్రాల మధ్య దూరం మీటరుకు లోపే కావటం వల్లను, ముందు ఫోర్కు దాదాపు నిట్టనిలువుగా నిలవటం వల్లను, చూపు ఎటు తిరిగితే సైకిలు అటు తిరుగుతుంది. గుంతలను తప్పించుకోవటానికి ఇది మేలు. వెనుకనుంచి లారీ దూసుకుపోయినప్పుడు ఆ గాలికి చేతులు బిగబట్టవలసి రావటం కీడు.

సుఖం విషయంలో ఆయన తీర్పు మేనల్లుడికి నచ్చలేదు. పక్కలకు బిగువు, నిలువునా మెత్తదనం ఒకే ఫ్రేములో సాధించామని తయారీదారులు చెప్పుకొంటారు. పెద్దాయన రెండవ రోజు టైర్లలో గాలి తగ్గించి ఒకసారి, పెంచి ఒకసారి అదే దారిన పోయి వచ్చి, “మెత్తదనం నీ ఫ్రేముది కాదు, గాలిది” అన్నాడు. ఇందులో నిజం చాలా ఉన్నది. రెండు త్రిభుజాలుగా అల్లిన ఫ్రేము నిలువు దిశలో వంగటం అత్యల్పం. దారి కుదుపులో అధికభాగాన్ని మింగేవి టైర్లు, ఆపైన సీటును మోసే కడ్డీ. అందుకనే ఒకప్పుడు సన్నని టైర్లలో గాలిని బిర్రుగా నింపినవారు నేడు 28 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లను తక్కువ ఒత్తిడితో నడుపుతున్నారు.

బరువు సంగతీ అంతే. ఖరగ్‌పూరు వంటి చదును నేలలో ఒక కిలో తగ్గటం వల్ల కలిగే లాభం లెక్కకు రానంత స్వల్పం. కొండ ఎక్కేటప్పుడు మాత్రమే అది పిక్కలకు తెలుస్తుంది. చదును మీద అసలు శత్రువు గాలి. వేగం రెండింతలు చేయాలంటే గాలిని చీల్చటానికి ఎనిమిదింతల శక్తి కావాలి. ఆ గాలికి అడ్డుపడేది కూడా ప్రధానంగా మనిషే గాని సైకిలు కాదు. ఆ లక్షల ఫ్రేము ఇచ్చేదానికంటె నడుము కొంచెం వంచటం ఎక్కువ ఇస్తుంది. అయినా మూడవ రోజు పెద్దాయన వంతెన నుంచి తిరిగి వచ్చిన తీరు చూసినవారు, లెక్కలన్నీ ఒక ఎత్తు, ఆయన ముఖంలోని సంతోషం ఒక ఎత్తు అనక తప్పదు. చక్రాల కింద నేల జారిపోతున్నట్లున్నదట.

ఇంతకీ ఈ కార్బను ఏమిటి? ఎడిసన్ 1879లో విద్యుద్దీపంలో వెలిగించినది బొగ్గుగా మాడ్చిన నూలుపోగు. తరువాత వెదురు పీచు. బలమైన కార్బను నార మాత్రం 1960లలో, జపానులోను, ఇంగ్లండులో ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన కేంద్రంలోను జరిగిన కృషి ఫలితం. ఒక రకం కృత్రిమ నూలును గాలి తగలకుండా అత్యధిక ఉష్ణంలో కాల్చి దానిని తయారుచేస్తారు. ఒక్కొక్క పోగు తలవెంట్రుకలో పదోవంతు మందం. జిగురు పట్టించిన ఆ నార పట్టీలను వందల ముక్కలుగా కత్తిరించి, ఒకదానిమీద ఒకటి వేర్వేరు దిశలలో చేతితో పరచి, అచ్చులో వేడిచేస్తే ఫ్రేము అవుతుంది. విజయనగరం వైపు జనపనార ఎరిగినవారికి దీని కిటుకు విప్పి చెప్పనక్కరలేదు: నార పొడవునా లాగితే తెగదు, అడ్డంగా చీలిస్తే చీలిపోతుంది. బరువు ఏ దిశలో పడుతుందో ఆ దిశలో పోగులు పరచటంలోనే నేర్పంతా ఉన్నది. 1986లో అమెరికను రౌతు గ్రెగ్ లెమాండ్ కార్బను ఫ్రేము మీద టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన తరువాత ఉక్కు గొట్టాలు పందెపు దారి నుంచి క్రమంగా తప్పుకొన్నాయి.

నాలుగవ రోజు సాయంకాలం పెద్దాయన సైకిలును తలక్రిందుగా నిలబెట్టి, తడిగుడ్డతో తుడిచి, టార్చిలైటు వేసి చూడటం మొదలుపెట్టాడు. పై బారు మీద, ముందు భాగాన, కుడివైపు వెంట్రుకంత గీత కనిపించింది. అడిగితే మేనల్లుడు తేలికగా చెప్పాడు. రెండు నెలల క్రితం వానలో జారి పడ్డాడు. హ్యాండిలు గిర్రున తిరిగి బారుకు తగిలింది. రంగు లేచింది, అంతే.

పెద్దాయన జేబులోనుంచి రూపాయి బిళ్ల తీశాడు. స్టేషనులో బండి ఆగగానే పొడుగు కాడ సుత్తితో చక్రాలను కొట్టుకుంటూ పోయే మనిషిని పాతతరం ప్రయాణికులు ఎరుగుదురు. మంచి చక్రం ఖంగున మోగుతుంది; పగులున్నది బొంగురు పోతుంది. బారు పొడవునా బిళ్లతో మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. టిక్కు టిక్కుమంటున్న శబ్దం గీత దగ్గర, రెండు వేళ్ల మేర, బొద్దుగా మారింది. ఎడమవైపు అదే చోట తట్టి చూశాడు, అక్కడ మారలేదు. లోపలి పొరలు ఒకదానినుంచి ఒకటి విడిపోతే వచ్చే శబ్దం అది. అయితే గొట్టం మందం మారినచోట, లోపల తీగ ఆనినచోట కూడా శబ్దం మారవచ్చు. బిళ్ల అనుమానం మాత్రమే చెబుతుంది, తీర్పు చెప్పదు. ఆ సంగతి పెద్దాయనకు అందరికంటె బాగా తెలుసు.

చిక్కు ఏమంటే, ఆ ఆదివారమే మేనల్లుడు ఒక బ్రెవే యాత్రకు పేరిచ్చి ఉన్నాడు. పందెం కాదు, 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాలలో ముగించాలి. తరువాత 300, 400, 600. 2027లో పారిస్ నుంచి బ్రెస్ట్ పోయి తిరిగి పారిస్ చేరే 1,200 కిలోమీటర్ల యాత్ర జరగవలసి ఉన్నది. ఆ ఏడాది ఈ నాలుగు దూరాలూ పూర్తిచేసినవారికే అందులో ప్రవేశం. దానికి ఇప్పటినుంచే సాధన.

“ఇది ఎక్కవద్దు,” అన్నాడు పెద్దాయన.

“రెండు నెలలుగా దీనిమీదే తిరుగుతున్నాను మావయ్యా. ఏమీ కాలేదు.”

“కానందుకే భయం. ఇనుమైతే వంగుతాది, మూలుగుతాది, ముందుగా చెప్తాది. ఇది చెప్పదు.”

మేనల్లుడు కొంచెం నొచ్చుకున్నాడు. ఇరవై కిలోల సైకిలు దాటి ఆలోచించలేని కాలపు మనిషి మాటగా అతనికి తోచి ఉండవచ్చు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ మాట్లాడుకోలేదు. మధ్యలో తల్లి మాత్రం, “అన్నయ్య ఏనాడైనా ఊరికే అన్నాడా?” అని ఒక్కమాట అని ఊరుకున్నది.

పెద్దాయన భయానికి చరిత్ర ఉన్నది. 1842 మే నెలలో వెర్సాయి నుంచి పారిస్ వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు అంటుకొని, యాభై మందికి పైగా మరణించారు. అనేక వేలసార్లు క్షేమంగా తిరిగిన ఇరుసు ఒకనాడు ఎందుకు విరుగుతుంది? జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి ఇరుసులను యంత్రాల మీద తిప్పి తిప్పి విరిచి, దీనికి సమాధానం వెదికాడు. ఒక్కసారి పడితే ఏమీ చేయలేని బరువు, లక్షల పర్యాయాలు పడితే లోహాన్ని అలసట పెట్టి చంపుతుంది. నేటికీ ఇరుసుల కొసన అతిధ్వని తరంగాలను పంపి, లోపలి పగుళ్ల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనిని చూడటం వెనుక ఉన్నది ఆ జ్ఞానమే. కార్బను అలసటకు ఉక్కుకంటె బాగా ఓర్చుకొంటుంది; ఆ మాట దాని ప్రత్యర్థులు కూడా కాదనరు. దాని బలహీనత వేరు. నిత్యపు భారానికి కాదు, ఎన్నడో తగిలిన అడ్డదెబ్బకు. దెబ్బ పైకి గీతగా కనిపిస్తుంది, లోపల పొరలు విడి ఉంటాయి, విరిగేనాడు చప్పున విరుగుతుంది. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వంతెన దిగుతున్నప్పుడు పై బారు విరిగితే ఏమవుతుందో ఊహించటానికి ఇంజనీరు కానవసరం లేదు.

తెల్లవారి మేనల్లుడే బిళ్ల తీసుకొని బారును తట్టుకుంటూ కూర్చున్నాడు. పది నిమిషాలు తట్టాడు. ఆ తరువాత ఎవరితోనూ ఏమీ అనకుండా ఫోను తీసి, ఐ.ఐ.టి.లో చదువుతున్న పాత స్నేహితుని తమ్ముడిని అల్యూమినియం సైకిలు ఒకటి అడిగాడు. దానితోనే ఆదివారం పోయాడు. పన్నెండు గంటల యాభై నిమిషాలకు ముగించాడు. చేతులు తిమ్మిరెక్కాయని, అది బరువు దున్నపోతని తిట్టుకుంటూ వచ్చాడు.

కార్బను ఫ్రేము బెంగుళూరుకు తిరిగిపోయింది. అక్కడ అతిధ్వని పరీక్షలో గీత కింద బొటనవేలంత మేర పొరలు విడి ఉన్నట్లు తేలింది. ఆ భాగాన్ని మెట్లు మెట్లుగా అరగదీసి, కొత్త నార పట్టీలు అవే దిశలలో పరచి, వేడితో గట్టిపరచారు. బరువు కొద్ది గ్రాములు పెరిగింది. ఖర్చు బాగానే అయింది, కొత్త ఫ్రేముతో పోలిస్తే ఏపాటి కాదు.

సెప్టెంబరు 17న, విశ్వకర్మ పూజకు మేనల్లుడు మళ్లీ ఖరగ్‌పూరు వచ్చాడు, సైకిలూ వచ్చింది. ఆనాడు వాహనాలన్నిటితో పాటు దానికీ బొట్టు పెట్టారు. పూజ అయ్యాక పెద్దాయన రూపాయి బిళ్ల తీసుకొని బారు రెండువైపులా తట్టి విన్నాడు. వర్క్‌షాపులో పరీక్ష ముగిసిన ఇరుసు కొసన తేదీని గుద్దుతారు. కార్బనును గుద్దకూడదు గనుక సన్నని కుంచెతో, తెల్లరంగుతో, పెడలు ఇరుసు కింద ఎవరికీ కనిపించని చోట ఆనాటి తేదీ వేశాడు. పక్కన ఆరు నెలల తరువాతి తేదీ వేసి, రంగు ఆరేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.