'దౌ' అను మాట

ఆంగ్లభాషయందు నాలుగక్షరముల చిన్న మాట యొకటి కలదు. అది 'దౌ'. మన విద్యార్థులు దీనిని బైబిలునందును షేక్స్పియరు నాటకములందును చూతురేగాని నిత్యవ్యవహారమున వినరు. ప్రార్థనలలో వచ్చు మాట కావున మిగుల గౌరవవాచకమని తలంతురు. మా తరగతిలో నొక బాలుడు ప్రధానోపాధ్యాయులకు సెలవుకై వ్రాసిన యర్జీలో 'యూ' చాలదని యెంచి అంతటను 'దౌ' అని వ్రాసెను. వారు చిఱునవ్వు నవ్వి సెలవిచ్చిరి. ఆ నవ్వునకు కారణ మడిగినవారికొఱకు మే మిది వ్రాయుచున్నాము.

'దౌ' అనగా 'నీవు'. అంతకంటె మఱేమియు లేదు. పూర్వకాలమున ఇంగ్లండువారు ఒక్కనితో మాటలాడునపుడు 'దౌ' అనియు, పలువురితో మాటలాడునపుడు 'యీ' అనియు అనెడివారు. ద్వితీయావిభక్తియందు అవి 'దీ', 'యూ' అని మాఱును. మర్యాదతో వీనికి సంబంధము లేకుండెను. 13వ శతాబ్దమునుండి ఫ్రెంచివారి యాచారము ననుసరించి, గొప్పవారిని ఒక్కరినైనను బహువచనమున పిలుచుట మొదలయ్యెను. మనము గురువును 'మీరు' అనునట్లే. అంతట 'దౌ' ఇంటి పిల్లలకును, పనివారికిని, ప్రాణమిత్రులకును, పగవారికిని మిగిలెను. ప్రేమకును తిరస్కారమునకును ఒకటే మాట! ఈ చోద్యము తెలుగువారికి వివరింప నక్కఱలేదు.

1603లో సర్ వాల్టరు రాలీపై రాజద్రోహవిచారణ జరిగినపుడు, ప్రభుత్వపక్షమున వాదించిన ఎడ్వర్డు కోకు నిండుసభలో ఆయనను 'దౌ' అని పిలుచుటయేకాక, ద్రోహి గనుకనే యట్లు పిలుచుచున్నానని చాటెను. ఆ శతాబ్దపు నడుమ జార్జి ఫాక్సు అనుచరులగు క్వేకరులు దీనిని తలక్రిందు చేసిరి. మనుష్యులెల్లరు సమానులు, న్యాయాధిపతియైనను ఒక్కడే గదా యని, అందఱిని 'దౌ' అనియే పిలువసాగిరి. వారిలో చేరిన థామసు ఎల్వుడు అను యువకుడు తండ్రి యెదుట టోపీ తీయకుండెను; తండ్రిని 'దౌ' అనినపుడెల్ల పిడికిలిపోటులు తినెను. పిమ్మట అంధుడైన మిల్టను మహాకవికి గ్రంథములు చదివి వినిపించినవా డితడే. ఒక సర్వనామముకొఱకు దెబ్బలు తినుట మాకు వింతగాను, గొప్పగాను తోచును. తండ్రి కోపమును గూడ కొంత గ్రహింపగలము.

1611లో వెలువడిన జేమ్సు రాజు బైబిలునందు మాత్రము ఈ హెచ్చుతగ్గులు లేవు. ఒక్కరైన 'దౌ', పలువురైన 'యీ'. దేవునికిని, సాతానుకును, రాజునకును, బిచ్చగానికిని ఒకటే. ఇందువలన నొక గొప్ప లాభము కలదు. లూకా సువార్త 22వ అధ్యాయమున ప్రభువు పేతురుతో, సాతాను కోరినది 'యూ' అనియు, తాను ప్రార్థించినది 'దీ' కొఱకనియు చెప్పెను. అనగా అపాయము శిష్యులందఱికి, ప్రార్థన ఆ తడబడబోవు నొక్కనికొఱకు. నేటి యాంగ్లమున రెండును 'యూ' యే యగుటచే చదువరి ఈ భేదమును గుర్తింపజాలడు. తెలుగు బైబిలు చదువు మన ముసలమ్మకో, 'మీరు', 'నీవు' అను భేదమువలన నది యప్పుడే తెలియును.

1952లో పూర్తియైన రివైజ్డు స్టాండర్డు వెర్షనునందు దేవుని సంబోధించుటకు మాత్రము 'దౌ' నుంచి, తక్కినవారికి తీసివేసిరి. ఇక అది గౌరవవాచకమని పిల్లలు భ్రమపడుటలో ఆశ్చర్యమేమి? 1989 నాటి సవరణలో దేవునికిని 'యూ' యే. మాకు తెలుగు ప్రార్థనలోని 'నీవు' అంతకంటె దగ్గఱగా వినబడును.

ఈ పాఠము చెప్పిన దినమున నొక బాలుడు, ఘంట కొట్టు వృద్ధుని ఏమని పిలువవలెనని మమ్ము నడిగెను. మొదటి తరగతి పిల్లలు సైతము ఆయనను 'నీవు' అనుచుందురు. ఆ 'నీవు' ప్రార్థనలోని 'నీవు' కాదు. 'మీరు' అనుమని చెప్పితిమి. మఱునాడు ఆ బాలుడు దగ్గఱకు పోయి, "మీరు భోజనము చేసితిరా?" అని యడుగగా, వృద్ధుడు తన వెనుక నింకెవరైన నిలిచియున్నారేమో యని తిరిగి చూచెను.