చిక్కపేట నుంచి హిందూపురానికి

యాభై నాలుగేళ్ల వయసులో మోటారు సైకిలు మీద ఊరు దాటి, ఒక రాత్రి బయట ఉండి రావడం నాకు ఇదే మొదటిసారి. "రైలు లేదా?" అంది మా ఆవిడ. ఉంది. కానీ మనం దిగాలనుకున్న చోటల్లా రైలు ఆగదు కదా!

చిక్కపేట పట్టుచీరల అంగట్లో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ మా నాన్నగారు ఏటా హిందూపురంలోని తన అక్కకు చీర తీసుకెళ్లేవారు. ఆయన పోయాక ఆ బాకీ నా పద్దులోకి వచ్చింది. మూడేళ్లుగా తీర్చలేదు.

తెల్లవారుజామున బయలుదేరి, యలహంక, దొడ్డబళ్లాపురం దాటి, గౌరిబిదనూరులో కాలేజీ స్నేహితుని ఇంట ఉప్పిట్టు తిన్నాను. దగ్గర్లోని విదురాశ్వత్థం అతనే చూపించాడు. 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు అది. ఇన్నిసార్లు రైల్లో పక్కనుంచే వెళ్లి, ఒక్కసారీ దిగనందుకు సిగ్గేసింది.

నూరు కిలోమీటర్లకే నడుము పట్టేసింది. అత్తయ్యకు చూపు మందగించింది. చీర అంచు వేళ్లతో తడిమి, "మీ నాయన మాదిరే పెద్దంచుది తెచ్చినావే!" అంది. రాత్రి రాగిముద్ద పెట్టి, నాన్నగారి చిన్ననాటి ముచ్చట్లు చెబుతూ నన్ను నిద్రపోనివ్వలేదు.

మర్నాడు లేపాక్షిలో ఏకశిలా నందినీ, వీరభద్రాలయంలో వేలాడే స్తంభాన్నీ చూసి తిరిగొచ్చాను. పెట్రోలు ఖర్చు డైరీలో రాసుకున్నాను. అత్తయ్య ముచ్చట్లు ఏ పద్దు కింద రాయాలో మాకు బీకాంలో చెప్పలేదు.

వచ్చే ఏడు వెనక సీటు తనదేనంది మా ఆవిడ.