మా సైకిళ్లు, మా భీముడు, మా సెలవులు

సైకిలు తొక్కు గృహిణుల దినచర్య యెట్లుండునో, వంటపనియు పందెపుపనియు ఒక్క దినములో నెట్లు ఇముడునో తెలుపుడని మా స్నేహితురాండ్రు తరచుగా నడుగుచుందురు. మేము తోడికోడండ్రము. విశాఖపట్టణములో పెదవాల్తేరున ఒక్క యింటనే కాపురమున్నాము. మాలో పెద్దది బ్యాంకులో నుద్యోగము చేయుచున్నది; చిన్నది ఇంటివద్ద పిల్లలకు లెక్కలు చెప్పుచున్నది. పన్నెండేండ్లనుండి ఇరువురమును కలసియే సైకిలు తొక్కుచున్నాము. ఒకరు లేక మరియొకరు పది కిలోమీటర్లయినను పోయి యెరుగము. మేము మేమని వ్రాయుటకు అదియే కారణము; చదువరులు దీనిని గొప్ప కొరకు వాడిన మాటగా నెంచకుందురు గాక.

ప్రొద్దున నాలుగుంబావునకు లేతుము. మమ్ము లేపునది గడియారము కాదు, మీనాక్షి. మీనాక్షి మా పిల్లి. ఆ వేళకు పాలగిన్నె యొద్ద నిలిచి, వీధివారు కూడ మేల్కొనునట్లు అరచును. కూరలు తరుగుట, పిండి రుబ్బుట, పిల్లల దుస్తులు మడచి యుంచుట ముందునాటి రాత్రియే ముగించుకొందుము. చక్రములలో గాలి చూచుట, గొలుసు తుడిచి నూనె వేయుట కూడ రాత్రిపనులే. ఉదయమున ఒక్కొక్క నిమిషమునకు ఒక్కొక్క యజమాని యుండును. డికాషను దింపి, నాలుగుముప్పావునకు వీధిలో నుందుము.

పనిదినములలో తొట్లకొండ వరకు పోయి మరలుదుము. ఆదివారమైనచో ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమునిపట్టణమునకు, గోస్తనీనది సముద్రమున గలియు చోటికి పోవుదుము. పోవునపుడు కుడిచేత సముద్రముండును. చీకటిలో అది కనబడదు, వినబడును. తిరిగి వచ్చునపుడు ఎండ ముఖమును తాకకమునుపే ఇల్లు చేరవలెను. ఏడున్నరకు బడిబస్సు వచ్చును. డబ్బాలలో అన్నము సర్దునపుడు కూడ మా చేతులకు హ్యాండిలు పట్టిన తిమ్మిరి వదలదు.

దుస్తులనుగూర్చి అందరును అడుగుదురు గాని, అది పెద్ద సంగతి కాదు. లోపల మెత్తనిగుడ్డ కుట్టిన లాగు, పైన వదులైన కమీజు, తలకు హెల్మెట్టు, అంతియే. ఆహారము అంతకంటె ముఖ్యము. దూరము పోవు దినమున నువ్వుండలు, అరటిపండ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, కొంచెము పులిహోర మావెంట నుండును. ఆకలి వేసినపిమ్మట తినుట, దాహము వేసినపిమ్మట త్రాగుట సైకిలువారికి పనికిరాదు. గంట గంటకును కొంచెము కొంచెముగా పుచ్చుకొనవలెను.

మేము పాల్గొనునవి ‘బ్రెవే’ యని పిలువబడు దూరప్రయాణములు. ఇవి ఫ్రాన్సుదేశమున పుట్టినవి. 1891లో పారిస్‌నుండి బ్రెస్టు నగరమునకు పోయి మరల పారిస్ చేరు గొప్ప పందెము జరిగినది. ఆ దారి రమారమి 1200 కిలోమీటర్లు. ఇప్పుడది పందెముగా గాక, 90 గంటలలోపల ముగింపవలసిన యాత్రగా నాలుగేండ్లకొకసారి జరుగుచున్నది. 2023లో కూడ జరిగినది. మనదేశమున సాధారణముగా జరుగు ప్రయాణములలో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషములు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. దీపము, మెరయు చొక్కా, హెల్మెట్టు లేనివారిని బయలుదేరనీయరు. ఆయా మజిలీలలో పత్రముపై గుర్తు వేయించుకొనుచు పోవలెను. పంచరు పడినను, గొలుసు తెగినను ఎవరిది వారే బాగుచేసికొనవలెను. ముందు వచ్చినవారికి బహుమతి లేదు, వెనుక వచ్చినవారికి చిన్నతనము లేదు. తలుపు మూయు వేళ యొకటి మాత్రముండును.

గడచిన పుష్యమాసములో మేము 200 కిలోమీటర్ల ప్రయాణమునకు పోయితిమి. ఉదయము ఆరుగంటలకు బయలుదేరి, ఆనందపురము, తగరపువలస, రణస్థలముల మీదుగా శ్రీకాకుళపు చేరువవరకు పోయి మరలుట. పోవునపుడు హాయిగనే యున్నది. వచ్చునపుడు ఎదురుగాలి. పూసపాటిరేగ దాటగనే చిన్నదాని వెనుకచక్రము గాలి కోల్పోయినది. లారీల టైర్లు పగిలినపుడు వానిలోని సన్నని యినుపతీగలు బాటపై రాలును. వెండ్రుకవలె నుండు ఆ తీగ కంటికి కనబడదు. గొట్టము మార్చినంతమాత్రమున చాలదు, తీగ దొరకువరకు టైరు లోపలంతయు వ్రేలితో తడవి చూడవలెను. ఇరువది నిమిషములు పోయినవి. పెద్దదానికి కాళ్లలో సత్తువ యుండెను. అది ముందు పోయియుండవచ్చును. పోలేదు, పొమ్మని చిన్నది చెప్పనులేదు. ఏడుగంటల నాలుగు నిమిషములకు చేరితిమి. ఏడున్నరకు తలుపు మూయుదురు.

ఇంటికి రాగానే అత్తగారు, “ఎన్నో వాళ్లుగా వచ్చారమ్మా?” అని యడిగిరి. వరుసలు లేవంటిమి. “మరి అంతదూరం ఎందుకు తొక్కినట్టు?” అనిరి. మేము చెప్పబోవులోపలనే, “పోనీ, వేళకి వచ్చారు, కాళ్లు కడుక్కోండి” అని వంటయింటిలోనికి పోయిరి. మా యాటను ఇంత చక్కగా గ్రహించినవారిని మేము తక్కువగా చూచితిమి.

గడువు మాట వచ్చినపుడు మాకు ఇటలీదేశపు ఆల్ఫొన్సీనా స్ట్రాడా జ్ఞప్తికి వచ్చును. 1924లో ఆ దేశమును చుట్టివచ్చు గొప్ప పందెములో పురుషులతో సమానముగా తొక్కిన స్త్రీ ఈమె. వానలోను బురదలోను పడి ఆమె సైకిలు హ్యాండిలు విరిగినది. చీపురుకట్ట కఱ్ఱముక్కను దానికి బిగించి తొక్కినదట. ఆ దినమున గడువు దాటి చేరినందున ఆమెను లెక్కనుండి తొలగించిరి గాని, తొక్కుటకు మాత్రము అడ్డు చెప్పలేదు. లెక్కలో లేకయే ఆమె మిగిలిన దారియంతయు తొక్కి మిలాను నగరము చేరినది. బయలుదేరిన తొంబదిమందిలో కడవరకు నిలిచినవారు ముప్పదిమందియే. ఒలింపికు క్రీడలలో పురుషులకు బాటమీది సైకిలుపందెము 1896లోనే యుండగా, స్త్రీలకు అది 1984లో గాని రాలేదు. నడుమ 88 ఏండ్లు. ఇది చదివిన దినమున మాకు కోపము వచ్చినమాట నిజము. చీపురుకట్ట తలపునకు వచ్చి మరల నవ్వితిమి.

ఇక భీముడు. మేము సైకిలు మొదలిడిన యేటనే భీమునిపట్టణపుదారిలో, తాటిచెట్ల క్రింద, కన్నులు తెరచి పదిదినములైనను కాని కుక్కపిల్ల దొరకినది. చున్నీతో జోలెకట్టి మెడకు వ్రేలాడదీసికొని తెచ్చితిమి. ఊరిపేరే వానికి పెట్టితిమి. నిన్నమొన్నటివరకు మేము బయలుదేరునపుడు వీధిమలుపువరకు పరుగెత్తివచ్చి, అచ్చటనే కూర్చుండి, మేము తిరిగివచ్చువరకు కదలకుండెడివాడు.

ఇతర కుక్కలు సైకిలును తరుముననునది నిజమే. అప్పుడు వేగము పెంచినకొలది అవి పట్టుదలతో వెంటబడును. దిగి, సైకిలును నడుమ నుంచుకొని నిలిచినయెడల చాలవరకు అవియే మరలిపోవును. కరచినచో మాత్రము ఆ గాయమును పావుగంటసేపు సబ్బునీటితో కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము అద్దుట కూడదు.

మా భీమునికిప్పుడు పన్నెండేండ్లు. వెనుకకాళ్ల కీళ్లు పట్టినవి, గుండెయు బలహీనమైనది. పూటకొక మాత్ర యుండును. మా నొప్పులకు వాడు మాత్రలను కుక్కకు వేయరాదనియు, వానిలో కొన్ని ప్రాణాపాయము తెచ్చుననియు పశువైద్యుడు గట్టిగా చెప్పినాడు. ఇది కుక్కలున్న యిండ్లవారందరు ఎరుగవలసిన సంగతి. దినమునకు నాలుగుసార్లు వానిని ఆరుమెట్లు దింపి, మరల ఎక్కింపవలెను. వాని బరువు 22 కిలోలు. అత్తగారు ఎత్తలేరు. పెద్దదాని భర్త ఓడలపై నుద్యోగి, ఏడాదిలో సగము సముద్రముపైనే. చిన్నదాని భర్తకు కర్మాగారములో షిఫ్టులు మారుచుండును. నిరుడు మూడుదినములు ఊరు పోవలసివచ్చి, డబ్బు పుచ్చుకొని కుక్కలను చూచు ఒకచోట విడిచితిమి. ఆ మూడుదినములును వాడు అన్నము ముట్టలేదు. ఆ సంగతి వారు మాకు ఫోనులో తెలుపనైనలేదు.

ఈ కార్తికమాసపు సెలవులకు మేము రెండేండ్లనుండి అరకుప్రయాణము తలపెట్టియున్నాము. మా యూరినుండి అరకులోయ సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటినపిమ్మట ఘాటుదారి మొదలగును. అనంతగిరి కాఫీతోటల నడుమ మలుపులు మలుపులుగా నెక్కి పోవలెను. ఆ దినములలో లోయలో వలిసెచేలు పూచి పసుపు ఆరబోసినట్లుండును. నాలుగుదినములు అచ్చట తిరిగి, సైకిళ్లమీదనే దిగి రావలెనని మా యుద్దేశము. సెలవుచీటి వ్రాసితిమి, పిల్లలను పుట్టింటికి పంపుటకు ఏర్పాటు చేసితిమి. అప్పుడు పశువైద్యుడు, “వీడు వేసవి చూడడేమో, అలవాటైనవారు దగ్గరనుండవలెను, ఘాటుమలుపులలో బండిపై తీసికొనిపోవలదు” అనెను.

వారముదినములు ఇంట ఈ మాటయే యెవ్వరును ఎత్తలేదు. పెద్దది ప్రయాణము మానుదమనుకొన్నది. చిన్నది కూడ అట్లే యనుకొన్నదిగాని, మానినచో ఆ నింద భీమునిమీద పడునని దానికి భయము. వాడు పోయినపిమ్మట, వీని మూలమున అరకు పోలేదన్న తలపు వాని జ్ఞాపకమునకు అంటుకొనియుండుట దానికి ఇష్టము లేకపోయినది. తుదకు అదియే నోరు విప్పి, “అక్కా, ఒకరు ఎక్కుదాము, ఒకరు దిగుదాము” అన్నది.

అనగా, ఒకరు మా సైకిలుబృందములోని నలుగురితో గూడ ఘాటెక్కి అరకు చేరి, మరునాడు సైకిలును సామానుపెట్టెలో వేయించి కిరండోలు రైలుపై తిరిగివత్తురు. పై వారము మరియొకరు రైలుపై పోయి, ఆ ఘాటును సైకిలుపై దిగివత్తురు. భీమునియొద్ద ఎల్లప్పుడు ఒకరు ఉందురు. పన్నెండేండ్లలో మొదటిసారి విడివిడిగా తొక్కుదుము. ఈ యేర్పాటు మాకు సంతోషమని చెప్పజాలము. పెద్దది ఆ రాత్రి సరిగా నిద్రింపలేదు. ఎదురుగాలిలో ముందుచక్రమువలె తానుండుట, తనవెనుక చిన్నది తల వంచుకొని వచ్చుట దానికి అలవాటు.

ఎవరు ఎక్కవలెనో అత్తగారిచేత చీట్లు తీయించితిమి. ఎక్కుట చిన్నదానికి వచ్చినది. దిగుట సులభమని పెద్దదానిని అందరును ఊరడించుచున్నారు గాని, ఘాటు దిగుట యెరిగినవారు అట్లనరు. బ్రేకును విడువక నొక్కియుంచినచో చక్రపుటంచు కాగిపోవును. నొక్కి విడుచుచు, నొక్కి విడుచుచు దిగవలెను. పెద్దదాని సైకిలుకు కొత్త బ్రేకుముక్కలు వేయించితిమి. చిన్నది ప్రతి ఉదయమును తొట్లకొండను రెండుమారులు ఎక్కుచున్నది. రెండవమారు పెద్దది క్రింద నిలిచి గడియారము చూచుచుండును.

ప్రయాణమునకింకను పదునెనిమిది దినములున్నవి. భీముని మాత్రలు నెలాఖరువరకు సరిపోవును. నిన్న సాయంకాలము వానిని మెట్లు దింపగా, వీధిమలుపువైపు నాలుగడుగులు తానే నడచి, అచ్చట కూర్చున్నాడు. ఎత్తి తెచ్చుటకు ఇరువురమును పోయితిమి.