దూదేకుల విల్లు, కంప్యూటరు

మేము దూదేకులోళ్ళం. ఉర్దూ మాట్లాడే సాయిబులకు మేము సగం సాయిబులం. తక్కిన ఊరికి పూర్తి సాయిబులం. ఇంట్లో మాది తెలుగే. తిట్టుకున్నా ఏడ్చినా తెలుగే. ప్రభుత్వం వెనకబడిన కులాల జాబితాలో 'బి' గ్రూపు కింద మా పేర్లన్నీ వరసగా రాసింది: దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా. అందులో పింజారి అన్న పేరు తెలుగువాళ్ళకు ఒక తిట్టు. అది దూది ఏకేవాడి పేరని తిట్టేవాళ్ళలో చాలామందికి తెలియదు. బడిలో మాస్టారు మా పక్కపిల్లవాణ్ణి ఆ మాటతో తిడితే తలొంచుకున్నది మేము. బుర్రకథ నాజర్ తన జీవితకథకు 'పింజారి' అనే పేరు పెట్టుకున్నాడని చాలా ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిసుంటే అంతగా తలొంచుకోకపోదుమేమో.

మేము ఇద్దరం, అన్నాచెల్లెళ్ళం. మాది ఆదోని పక్క పల్లె. తాత పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడు. మనిషెత్తు విల్లు. పైనుంచి తాడుతో వేలాడేది. బిగించిన నరాన్ని దూదికి ఆనించి, చేతిలోని కట్టె గుండుతో లాగి వదిలేవాడు. నరం అదిరేది. గడ్డకట్టిన దూది నురగలా పైకి లేచేది. దుమ్‌మని ఒక దెబ్బ, దాని వెనకే జుమ్మని ఒక వణుకు. వీధి చివరినుంచే ఆ చప్పుడు వినబడేది. తర్వాత ఏకే మిషను వచ్చింది. విల్లు అటకెక్కింది. తాత పోయాడు.

మాకు అన్నం పెట్టింది కంప్యూటరు. ప్రోగ్రాములు రాసే పని. పదేళ్ళు ఎవరెవరి లెక్కలో రాశాక విల్లును అటక మీంచి దించాం. ఒకరం విల్లు కొడతాం, ఒకరం కంప్యూటరు ముందు కూర్చుంటాం. కొట్టిన దెబ్బ కొట్టినట్టే తెరమీద దూది పోగులై లేస్తుంది. ముందే తీసిపెట్టిన బొమ్మ ఏదీ ఉండదు. కొట్టకపోతే తెర నల్లగానే ఉంటుంది.

చప్పుడుకు తగ్గట్టు బొమ్మలాడించే ప్రోగ్రాములు బజారులో దొరుకుతాయి. కొన్ని వాడిచూశాం. వాటికి పాశ్చాత్య డ్రమ్ము తెలుసు, మా విల్లు తెలియదు. దెబ్బనూ వణుకునూ కలిపి ఒకే గోలగా చూపించాయి. అందుకే మా ప్రోగ్రాము మేమే రాసుకున్నాం. వినే భాగాన్ని ప్యూర్ డేటాలో రాశాం. అది మిల్లర్ పకెట్ అనే ఆయన 1990లలో తయారుచేసి ఉచితంగా ఇచ్చిన సాధనం. గీసే భాగాన్ని ప్రాసెసింగ్‌లో రాశాం. అది 2001లో కేసీ రీస్, బెన్ ఫ్రై మొదలుపెట్టినది, అదీ ఉచితమే. విల్లు చప్పుడు సెకనుకు 44,100 అంకెలుగా లోపలికి వస్తుంది. ఎక్కడ దెబ్బ పడిందో ఒక ముక్క కనిపెడుతుంది. ఆ తర్వాతి వణుకులో ఏ స్వరం ఎంత ఉందో ఇంకో ముక్క విడదీస్తుంది. దెబ్బకు పోగు పుడుతుంది, వణుకుకు అది తేలుతుంది. చెప్పడానికి రెండు వాక్యాలు. రాయడానికి రెండేళ్ళు పట్టింది.

మొదటి ప్రదర్శన ఒక నగరంలో. నిర్వాహకులు కరపత్రంలో 'సూఫీ దృశ్య సంగీతం' అని వేశారు. మేము ఆ మాట అననేలేదు. "తెరమీద నెలవంక ఒకటి వస్తే బాగుంటుంది కదా" అని కూడా అడిగారు. దూది అంటే ఎవరికీ పట్టదు, సూఫీ అంటే టికెట్లు తెగుతాయి. బాగ్దాదులో 922లో మరణశిక్ష వేసి చంపిన మన్సూర్ పేరుచివర ఉన్న హల్లాజ్‌కు దూదేకేవాడని అర్థం. అల్గారిదమ్ అనే మాట ఖ్వారిజ్మీ పేరునుంచి వచ్చింది. ఇవన్నీ మాకూ తెలుసు. చెప్పుకుంటే చప్పట్లు పడతాయని కూడా తెలుసు. కానీ మేము తెచ్చింది బాగ్దాదు విల్లు కాదు, ఆదోని విల్లు. ఇటు మా పెద్దాయన ఒకాయనకు ఇంకో బాధ. "షేక్ అని పెట్టుకుని గౌరవంగా బతుకుతుంటే ఆ విల్లును నలుగురి ముందు ఎందుకు దించారు నాయనా? పైగా వాయించడమా?" అన్నాడు. ఆయనతో వాదించలేదు. ఆయన కొడుకు పెళ్ళిచూపుల్లో వృత్తి పేరు బయటపడి ఏం జరిగిందో మాకు తెలుసు.

ఆరోజు సగంలో ప్రోగ్రాము పిచ్చెక్కింది. స్పీకర్లలోంచి వచ్చిన విల్లు చప్పుడే మళ్ళీ మైకులో దూరింది. కంప్యూటరు దాన్ని కొత్త దెబ్బ అనుకుంది. పోగు మీద పోగు పుట్టి తెరంతా తెల్లబడిపోయింది. మేము చేతులెత్తేశాం. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అదే గొప్ప ఘట్టమనుకున్నారు.

నాయన మాత్రం కొట్టలేదు. బయటికొచ్చాక అడిగాడు: "అంతా బాగానే ఉంది. మీ నాయన దగ్గు ఏదిరా?"

తాతను ఆయన ఎప్పుడూ 'మీ నాయన' అనడు, 'మీ తాత' అంటాడు. ఆరోజు నోరు జారింది. తాత ఇరవయ్యేళ్ళు దగ్గాడు. ఆ తెల్లటి నురగ ఆయన ఊపిరితిత్తుల్లోకి పోయింది. మేము దాన్ని అందంగా తేలించి, చివర మాయం చేశాం. పోగు బతికే కాలం 4 సెకన్లని ప్రోగ్రాములో మా చేత్తోనే రాశాం.

మైకు సంగతి తేలిగ్గా తేలింది. గాల్లో చప్పుడు వినే మైకు తీసేసి, కట్టె అదురును పట్టే చిన్న బిళ్ళను విల్లుకే అతికించాం. ఒక దెబ్బ పడ్డాక 80 మిల్లీసెకన్లదాకా ఇంకేదీ లెక్కపెట్టొద్దన్నాం. దగ్గు సంగతి తేలలేదు. రికార్డు చేసిన దగ్గు పెట్టడం అసహ్యమనిపించింది. చివరికి ఆ 4 సెకన్ల వాక్యం కొట్టేశాం. ఇప్పుడు పోగులు చావవు. లేచినవన్నీ తెరమీదే నిలిచిపోతాయి. నలభై నిమిషాలకు విల్లు కొట్టే మనిషి కనబడడు. చాలామందికి ఇది నచ్చలేదు. ముందుదే బాగుందన్నారు.

పోయినేడు మా పల్లెలో చేశాం. తెర లేదు, రెండు దుప్పట్లు కుట్టి గోడకు కట్టాం. చిన్నతాత, అంటే తాత తమ్ముడు, ముందు వరసలో కూర్చున్నాడు. కాసేపు చూసి లేచాడు. "ఆ దెబ్బ తప్పు" అని గుండు లాక్కున్నాడు. లాగి వదిలాక గుండు వెనక్కి వస్తూ నరాన్ని ఇంకోసారి తాకించాడు. మాకెవరూ నేర్పని దెబ్బ అది. ఆయన రెండు కొడితే తెరమీద ఒక్క పోగే లేచింది. "మీ మిషనుకు చెవుడా?" అన్నాడు. ఊరంతా నవ్వింది.

ఆ రాత్రే 80ని 40 చేశాం. పొద్దున మళ్ళీ కొట్టి చూపించమన్నాం. ఇంకా ఒకటి పోతోంది.