పెరేడు నాడు ఢిల్లీలో అద్దె కారు

జనవరి 26న ఢిల్లీలో రెండు నదులుంటాయి. ఒకటి యమున. అది ఏడాది పొడుగునా ఉండేదే, దాటడానికి వంతెనలున్నాయి. రెండవది ఉదయం పదిన్నరకు విజయ్ చౌక్ దగ్గర పుడుతుంది. కర్తవ్య పథ్ మీదుగా ఇండియా గేటు చేరి, తిలక్ మార్గ్, బహదూర్ షా జఫర్ మార్గ్, నేతాజీ సుభాష్ మార్గ్‌ల వెంట సాగి ఎర్రకోట దగ్గర ఇంకిపోతుంది. దీని మీద వంతెనలు లేవు. కింద మెట్రో రైలు మాత్రం ఉంది.

ఇంట్లో కాఫీ తాగుతూ టెలివిజన్‌లో పెరేడు చూసేవారికి ఈ రెండవ నది సంగతి తెలియదు. ఒంటెల దళం, బ్యాండు మేళాలు, రాష్ట్రాల శకటాలు చూసి ఆనందిస్తారు. ఆ సమయంలో ఊరికి ఈ పక్కనున్నవాడు ఆ పక్కకు పోవలసి వస్తే ఎట్లాగన్న ఆలోచన రాదు. కర్తవ్య పథ్‌ను ముందునాటి సాయంత్రమే మూసేస్తారు. ఇండియా గేటు చుట్టూ ఉన్న షడ్భుజి రోడ్డు తొమ్మిదింబావుకు మూతపడుతుంది. పదిన్నరకు తిలక్ మార్గ్ నుంచి ఎర్రకోట దాకా రెండు వైపులా రాకపోకలు బంద్. జనవరి 23న జరిగే పూర్తి రిహార్సలుకూ ఇదే తంతు. ఆకాశానికీ మినహాయింపు లేదు. 2024లో ఆ వారమంతా పది ఇరవై నుంచి పన్నెండు ముప్పావు దాకా ఢిల్లీలో విమానం దిగలేదు, ఎగరలేదు.

ఈ పెరేడు మొదటినుంచీ ఇక్కడే జరిగిందనుకుంటాం గాని, 1950లో మొట్టమొదటిది ఇర్విన్ స్టేడియంలో జరిగింది. ఇప్పుడది మేజర్ ధ్యాన్‌చంద్ పేరనున్న స్టేడియం. తరువాత నాలుగేళ్ళు చోటు మారుతూ వచ్చి, 1955 నుంచి రాజ్‌పథ్ మీద స్థిరపడింది. తెల్లదొరలు కింగ్స్‌వే అనీ, మనవాళ్ళు రాజ్‌పథ్ అనీ పిలిచిన ఆ రోడ్డుకు 2022 సెప్టెంబరులో కర్తవ్య పథ్ అని పేరు పెట్టారు. మా డ్రైవరు మాత్రం ఇప్పటికీ రాజ్‌పథ్ అనే అంటాడు.

డ్రైవరు సంగతి వచ్చింది గనుక అసలు కథలోకి వస్తాను. 2024 జనవరి 26, శుక్రవారం. నేనుండేది రామకృష్ణాపురంలో, అంటే నగరానికి నైరుతి మూల. మా అన్నయ్య కూతురు కాపురముండేది యమునకు అవతల, పట్‌పర్‌గంజ్ వైపు. ఫిబ్రవరిలో పురుడని హనుమకొండ నుంచి మా వదిన ముందుగానే బయలుదేరి వస్తోంది. కాజీపేటలో ఆమె రైలెక్కిన రాత్రే ఇక్కడ అమ్మాయికి రక్తపుపోటు పెరిగి నర్సింగ్ హోములో చేర్చారు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటి గంటకు ఆపరేషన్ అన్నారు. మా అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. అమ్మాయి ఫోనులో, "బాబాయ్, లోపలికి తీసుకపోయే ముందు అమ్మను చూపించు, చాలు," అంది. మామూలు రోజయితే అదొక పెద్ద కోరికా?

రైలు తెల్లవారి రావాలి. కాని జనవరిలో ఉత్తరాదికి వచ్చే రైళ్ళకు గడియారం కంటే పొగమంచు ముఖ్యం. మూడు గంటలు ఆలస్యమని తెలిసింది. అంటే సరిగ్గా పెరేడు మొదలయే వేళకన్న మాట.

మెట్రో ఉంది గదా అని మీరడగవచ్చు. ఒంటరిగా పోయేవాడికి ఆ రోజున మెట్రోను మించినది లేదని నేనూ ఒప్పుకుంటాను. కాని మోకాళ్ళు పట్టేసిన మనిషి, రెండు పెట్టెలు, పచ్చడి జాడీలు, బాలింతకు కావలసిన కాయం పొడి డబ్బా, పాత చీరల మూట. వీటితో మెట్లు దిగి, రైలు మారి, మళ్ళీ ఎక్కి పోవడం అయ్యే పని కాదు. అందుకని డ్రైవరుతో సహా కారు మాట్లాడాను.

అతను గఢ్వాల్ కొండలవాడు. ఇరవై రెండేళ్ళుగా ఢిల్లీలో అద్దె కార్లు నడుపుతున్నాడు. స్టాండులో అందరూ ఉస్తాద్ అంటారు, మేమూ అట్లాగే అంటాం. పది గంటలకు బయలుదేరదామని నేనంటే, "ఎనిమిదిన్నరకే, బాబూజీ. ఇవాళ అరగంట ముందుపోతే గంట మిగులుతుంది," అన్నాడు.

ధౌలా కువాఁ దాటి వందేమాతరం మార్గంలో పడ్డాం. రిడ్జి అడవి మంచులో మునిగి ఉంది. ముందుకారు వెనుక దీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. శంకర్ రోడ్డు, పంచకుయాఁ రోడ్డు, కన్నాట్ ప్లేసు బయటి వలయం, చెమ్స్‌ఫర్డ్ రోడ్డు: ఇట్లా పెరేడుకు పడమటి గట్టునే ఉంటూ న్యూఢిల్లీ స్టేషను పహాడ్‌గంజ్ ముఖం చేరాం. దారిలో నాలుగుచోట్ల ఆపి డిక్కీ తెరిపించి చూశారు. ఉస్తాద్ ప్రతిసారీ అడగకముందే దీపం వేసి, అద్దం దించి, కాగితాలు చేతపట్టుకుని ఉండేవాడు. తనిఖీలో ఆలస్యమయేది పోలీసులవల్ల కాదట, కాగితాలు వెతుక్కునే డ్రైవర్లవల్లనట.

పదీ నలభైకి రైలు వచ్చింది. వదిన దిగుతూనే సామాను లెక్క చూసుకోలేదు. అదే మొదటిసారి. "పిల్ల ఎట్లున్నది?" అన్న ఒక్క మాటే అడిగింది.

కారెక్కాక పెద్ద చర్చ వచ్చింది. రోజూ పోయే దారి మింటో రోడ్డు మీదుగా ఐ.టి.ఓ. కూడలి, అక్కణ్ణుంచి యమున మీద వికాస్ మార్గ్ వంతెన. అరగంటలో పోవచ్చు. కాని ఆ కూడలి సరిగ్గా పెరేడు దారిమీద ఉంది. దళానికీ దళానికీ మధ్య ఎడమున్నప్పుడు అడ్డంగా వాహనాలను వదలడమూ కద్దు. దొరికితే పన్నెండు లోపే నర్సింగ్ హోము. దొరక్కపోతే వెనక్కి తిరగడానికి చోటుండదు. ముందు తాడు, వెనక వంద కార్లు.

రెండవది ఉత్తరంగా ఎర్రకోటను కూడా దాటిపోయి, నది పుట్టుకనుగాక చివరను చుట్టి రావడం. పహాడ్‌గంజ్ వంతెన, ఝండేవాలా, రాణీ ఝాన్సీ ఫ్లైఓవరు, బూలెవార్డ్ రోడ్డు, కాశ్మీరీ గేటు బస్సు స్టాండు, యుధిష్ఠిర సేతు. ఆపైన యమున తూర్పు గట్టు వెంట పుష్తా రోడ్డు. దూరం దాదాపు రెట్టింపు.

నా గుండె ఐ.టి.ఓ. వైపే లాగింది. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. "అక్కడ మన చేతిలో ఏమీ ఉండదు, బాబూజీ. ఇటు పోతే చక్రాలు ఆగవు." వదినకు హిందీ రాదు, నేను రెండు దార్లూ విడమరచి చెప్పాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, "ఎరిగిన తొవ్వనే పొమ్మను. దూరమైనా సరే. మధ్యల ఆగి కూసుంటే నేను తట్టుకోలేను," అంది.

చక్రాలు ఆగలేదనను, రాణీ ఝాన్సీ ఫ్లైఓవరు దిగేచోట పావుగంట పాకాయి. అమ్మాయి ఫోను చేసి, "ఎక్కడిదాక వచ్చిన్రు?" అనడిగింది. కాశ్మీరీ గేటు అంటే వదినకేం తెలుసు? "గేటు కాడికి వచ్చినం బిడ్డా," అని చెప్పింది. ఆ పిల్ల నర్సింగ్ హోము గేటనుకుని ఎంత సంతోషించిందో తరువాత చెప్పింది!

యుధిష్ఠిర సేతు మీద మంచు కాస్త విడింది. పుష్తా రోడ్డు సగం పోయేసరికి దక్షిణాన పెద్ద ఉరుములాంటి చప్పుడు. వదిన ఉలిక్కిపడింది. పెరేడు చివర ఎగిరే వాయుసేన విమానాలవి. మాకు కనిపించలేదు, వినిపించాయంతే. ఉస్తాద్ గడియారం చూసి, "అయిపోవచ్చింది," అన్నాడు.

"నువ్వెప్పుడైనా చూశావా?" అనడిగాను.

లేదన్నాడు. ప్రతి ఏడూ ఎవరినో ఒకరిని పెరేడుకు తీసుకుపోతాడు. వాళ్ళ పాసుతోపాటు వచ్చిన పార్కింగు చీటీని బట్టి కారు ఎక్కడో దూరాన ఆపుతాడు. వాళ్ళు నడిచిపోతారు, ఇతను కారులో కూర్చుంటాడు. గాలి ఇటు వీస్తే బ్యాండు వినిపిస్తుంది. "మా ఊళ్ళో అందరూ నేను ఏటా చూస్తాననే అనుకుంటారు," అన్నాడు. చెబుతున్నప్పుడు గొంతులో ఫిర్యాదేమీ లేదు. నాకే ఏదోలా అనిపించింది.

పన్నెండూ ఇరవైకి నర్సింగ్ హోము ముందు దిగాం. వదిన మోకాళ్ళ సంగతి మరిచిపోయి మెట్లెక్కేసింది. తల్లీ కూతుళ్ళకు పావుగంట దొరికింది. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, బయటే నిలబడ్డాను. ఒంటిగంట దాటాక ఆడపిల్ల పుట్టిందని నర్సు వచ్చి చెప్పింది. కిందికి వచ్చి చూస్తే, సామానంతా దింపి వరసగా పేర్చి, పచ్చడి జాడీలు ఎండ తగలని చోట పెట్టి, ఉస్తాద్ కాపలా కూర్చున్నాడు. ఉదయం నుంచి అతను టీ కూడా తాగలేదు. మాట్లాడుకున్నదానికి పైన ఇస్తే, పాపకు అని చెప్పి అందులోంచి ఒక నోటు మా అల్లుడి చేతిలో పెట్టాడు.

పెరేడు శకటాలను ఆ తరువాత కొన్నాళ్ళు ఎర్రకోట ముందు "భారత్ పర్వ్"లో నిలిపి ఉంచుతారు. ఈ సంగతి ఢిల్లీలో ఉండేవారికే చాలామందికి తెలియదు. ఆ ఏడు అది జనవరి 31 దాకా సాగింది. ఆదివారం మా వాళ్ళంతా పాపను చూసి తిరిగి వస్తుంటే, వదిన, "తెలంగాణ బండి మీద ఐలమ్మ ఉన్నదట. నాకు తీరదు, మీరన్న చూసి రండి," అంది. ఆమె పుట్టిల్లు పాలకుర్తి దగ్గర. ఐలమ్మ 1985లో పోయింది. వదిన చిన్నప్పుడు ఆమెను కళ్ళారా చూసింది.

ఎర్రకోట దగ్గర కారు ఆపగానే ఉస్తాద్ అలవాటు ప్రకారం సీటు వెనక్కి వాల్చుకోబోయాడు. మా చిన్నవాడు తలుపు తీసి చెయ్యి పట్టుకుని లాగాడు. శకటాల మధ్య అతను మెల్లగా నడిచాడు. ఉత్తరాఖండ్ శకటం ఎక్కడని అడగలేదు గాని, ప్రతిదాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు, చక్రాలు ఎక్కడ దాచారో వంగి చూశాడు. తెలంగాణ శకటం దగ్గర, కొమురం భీం, రాంజీ గోండు పక్కన ఉన్న ఐలమ్మను చూపి ఎవరని అడిగాడు. విస్నూరు దేశ్‌ముఖ్ తన కౌలు పొలాన్నీ, పంటనూ లాక్కోబోతే ఎదురు నిలిచిన చాకలి ఇంటి ఆడమనిషని చెప్పాను.

"పంట దక్కిందా?" అన్నాడు.

దక్కిందన్నాను. అతను ఫోను నా చేతికిచ్చి, ఆమె కనిపించేటట్టు ఫోటో తియ్యమని పక్కన నిలబడ్డాడు. తీశాక చూసుకుని, ఇంకొకటి తియ్యమన్నాడు. మొదటిదానిలో శకటం చక్రం పడలేదట.